‘గంగ విడుము’ సరే, ‘గంగ నిడుము’ ఎందుక్కాదు?

కువైట్ కడపోడు: శివుణ్ణి వెక్కిరించే ‘సిరిగలవానికి చెల్లును’ చాటువులో ‘తిరిపెమున కిద్దరాండ్రా’ (బిచ్చగాడికి ఇద్దరు పెళ్లాలా), తర్వాత ‘పరమేశా గంగ నిడుము’ (గంగని ఇవ్వు) అనే నా నోటికొస్తుంది. రూములో వాళ్లు ‘విడుము’ (వదులు), ‘పార్వతి చాలున్’ అని కొట్టేశారు. నది అన్నదే లేని దేశంలో ఉన్నాను, ‘ఇడుము’ అని అడగడమే న్యాయం కదా!

పల్నాటివాడు: విడుమే. తిరిపెగాడికి ఇద్దరెందుకు, ఒకర్ని వదిలెయ్ అని కవి శివుడితో అంటున్నాడు. ‘ఇడుము’ అంటే ఎత్తిపొడుపు పోయి వట్టి అర్జీ మిగులుతుంది.

కందం పిచ్చి: ఛందస్సుతో తేలదండీ. గంగన్ + ఇడుము, సంధి శుభ్రంగా ఉంది. ఆరో గణం ‘గవిడుము’ అన్నా ‘గనిడుము’ అన్నా నలమే (నాలుగు లఘువులు). యతి ప–పా, దానికి ఢోకా లేదు.

గోదారమ్మాయి: కాలువకు నీళ్లు విడిచారనే అంటాం మేం. ఆలిని విడవడం, నీళ్లు విడవడం రెండూ ఆ ‘వి’లోనే ఉన్నాయి. ‘ని’ పెడితే సగం పద్యం పోయినట్టే.

కువైట్ కడపోడు: ఇక్కడ గంగని విడిపించాలంటే చమురో గ్యాసో కాల్చాలి. ఒకప్పుడు ఇరాక్ వైపున్న షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవాళ్లట. 1953 నుంచి సముద్రపు నీళ్లే. కరెంటు తీసేచోటే ఆవిరితో ఉప్పు వేరుచేస్తారు. ఉప్పుని ఆపే పొరల గుండా నీళ్లు నెట్టే కొత్త పద్ధతిలో ఘనమీటరుకి 3–4 యూనిట్ల కరెంటుతో సరి, ఆవిరి పద్ధతికి ఖర్చు చాలా ఎక్కువ. ఎండాకాలం ఏసీలకీ ఆ కరెంటే కావాలి. జనం పెరిగేకొద్దీ నీళ్లూ కరెంటూ రెండూ పెరగాలి. పరమేశుడికి టెన్షనే.

పల్నాటివాడు: మరి తిండో? మా పల్నాటి మీద ‘జొన్నకలి జొన్నయంబలి’ చాటువు గుర్తుందా, ‘సన్నన్నము (వరి అన్నం) సున్న సుమీ’! సౌదీ వాళ్లు ఆ సున్నాని ఒప్పుకోలేదు. 1980ల్లో ఇసుకలో గోధుమ పండించి ఎగుమతి కూడా చేశారు. తోడిందేమో వేల ఏళ్లనాటి భూగర్భజలం, మళ్లీ ఊరేది కాదు. 2008లో తగ్గించుకోవాలనుకుని 2016కల్లా రైతుల దగ్గర కొనడం ఆపేశారు. శ్రీనాథుడు వెక్కిరించిన జొన్నకి అన్ని నీళ్లక్కర్లేదు.

కందం పిచ్చి: శ్రీనాథుడిదని ఎవరు చెప్పారు? పల్నాటి మీద ఏ చాటువు దొరికినా ఆయన ఖాతాలో వేసేయడమేనా? ‘రసికుడు పోవడు పల్నాడు’ చాటువు కూడా అంతే.

గోదారమ్మాయి: ఆ నోటి దురుసు ఇంకెవరికుంది సార్? అయినా అసలు పేచీ ‘తిరిపెమునకు’ దగ్గర. తిరిపెమంటే బిచ్చం. బిచ్చానికి ఇద్దరు పెళ్లాలేమిటి?

కందం పిచ్చి: లక్షణ, అంటే మాటకి దానితో సంబంధమున్న అర్థం తీసుకోవడం. బిచ్చంతో బతికేవాడికి అని.

పల్నాటివాడు: లక్షణ కాదు, మావైపు మనిషినే తిరిపెం అని తిడతారు.

కువైట్ కడపోడు: నా ‘ని’ సంగతి?