భీమిలికి మారిపోదామా, నిజాంపేటలోనే ఉండిపోదామా?

నిజాంపేట నాన్న:
ఆఫీసువాళ్లు ఇకమీదట నెలకోసారి కనిపిస్తే చాలన్నారు. గచ్చిబౌలి ట్రాఫిక్ బాధ వదిలినట్టే. మా ఆవిడది విశాఖ దగ్గర భీమిలి. మామగారు పోయాక ఆ ఇంటికి తాళం పడింది, అత్తయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. "ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదు" అని రోజూ ఒక్కసారైనా అంటారు. మా అమ్మ మాత్రం కదలనంటోంది. ఆవిడకి గుండెకి స్టెంటు వేశారు, కూకట్‌పల్లి డాక్టరంటే గురి. పైగా కింది ఫ్లాటులో భజన జట్టు. పాప ఏడో తరగతి. ఈ ఎండాకాలం బోరు ఎండిపోయి, ట్యాంకరు డబ్బుల మీద మా వాట్సాప్ గ్రూపులో జరిగిన యుద్ధం చూశాక నాకూ మనసు అటే లాగుతోంది. సెలవులకి వెళ్లడం వేరు, కాపురం వేరని తెలుసు. అక్కడ ఉన్నవాళ్లు చెప్పండి.

మధురవాడ మాస్టారు:
మూసి ఉన్న ఇల్లంటున్నారు, ముందు స్లాబు చూపించండి. ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, పెచ్చులు ఊడతాయి. పైపైన సిమెంటు పూసి రంగేసేస్తే ఏం లాభం లేదు. ఏసీ బయటి యూనిట్‌ని సముద్రం వైపు గోడకి బిగించకండి, కాయిల్ తినేస్తుంది. పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచనుంటే స్థలం సీఆర్‌జెడ్ (తీరం దగ్గర కట్టడాల మీద ఆంక్షలుండే ప్రాంతం) పరిధిలో ఉందేమో కనుక్కోండి. కరెంటు బిల్లు తగ్గుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాదులో ఎండ మండినా రాత్రికి కాస్త ఊపిరాడుతుంది, ఇక్కడ మే నెలలో అర్ధరాత్రి కూడా బనీను పిండుకోవాలి.

హుద్‌హుద్ తుపాను రోజున, అంటే 2014 అక్టోబరు 12న, మేమిక్కడే ఉన్నాం. గాలి ఒక్కరోజుది. ఆ తర్వాత కరెంటు లేక, మోటారు ఆడక, ఫోన్లు పలకక పడ్డదే అసలు పాటు. చేతిపంపు ఏ సందులో ఉందో వెళ్లిన వారంలోనే చూసి పెట్టుకోండి.

చేపలు చవకనుకుంటారేమో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం. మీ చుట్టాలు సరిగ్గా అప్పుడే దిగుతారు, వంజరం ధర అడగాలంటేనే భయం.

లెక్కల టీచర్:
పాప చదువు మాట నేను చెప్తాను. మెడిసిన్ ఆలోచన ఉంటే తొమ్మిదో తరగతి మొదలయ్యేలోపు మారండి, లేదా ఇంటర్ అయ్యేదాకా ఆగండి. స్థానికత చూసేటప్పుడు ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివారన్నదే ముఖ్యం. రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లు స్థానికులవి. పది తెలంగాణలో, ఇంటర్ ఆంధ్రాలో అయితే నీట్ ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ల కోసం తిరగాల్సింది మీరే. మా స్కూల్లో ఇలా చిక్కుకున్న తల్లిదండ్రుల్ని చూశాను. మీకింకా ఏడాది పైనే టైముంది.

కాకినాడ కోడలు:
అత్తగారి ఊరు, పాప స్కూలు, మీ ఉద్యోగం, అన్నిటి గురించీ రాశారు. మీ అమ్మగారి గుండె సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారేంటండీ? నేనైతే అక్కడే మొదలుపెడతాను. పెద్ద ఆస్పత్రులు చాలావరకు ఆరిలోవ హెల్త్ సిటీలో ఉన్నాయి. భీమిలి నుంచి వస్తే టౌను మధ్యలోకి వెళ్లక్కర్లేదు, కానీ అర్ధరాత్రి నొప్పి వస్తే ఆ దూరం తక్కువేం కాదు. కారు తియ్యడానికి ఇంట్లో మీరు కాక ఇంకొకరుండాలి. మీ ఆవిడకి డ్రైవింగ్ వచ్చా? ఇద్దరు వియ్యపురాళ్లు ఇప్పుడు మీ ఫ్లాటులో సర్దుకుపోతున్నారు సరే, రేపు భీమిలిలో అది ఒకరి ఇల్లు అవుతుంది, రెండోవారు అతిథి అవుతారు. వంటింటి పెత్తనం ముందే మాట్లాడుకోండి.

నిజాంపేట నాన్న:
అందరికీ థాంక్స్. మా ఆవిడకి డ్రైవింగ్ రాదు, రేపే స్కూల్లో చేరుస్తా. అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. "భజన ఏ ఊళ్లోనైనా ఉంటుంది, ఆ హెల్త్ సిటీలో డాక్టరు తెలుగులో విడమరిచి చెప్తాడా లేదా కనుక్కో" అంది. మే నెలంతా అక్కడే ఉండి చూస్తాం. మాస్టారూ, స్లాబు చూసే మేస్త్రి ఎవరైనా తెలిస్తే నాకు విడిగా మెసేజ్ పెట్టండి.