టీచర్ల మీద ఫీడ్‌బ్యాక్: పేపర్ మీదా, పోర్టల్‌లోనా?

గుంటూరు లెక్చరర్: మా ఇంజినీరింగ్ కాలేజీలో సెమిస్టర్ చివర పిల్లలు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ ఇన్నాళ్లూ పేపర్ మీదే. ఇకపై పోర్టల్‌లో అంటున్నారు. నా ఓటు పేపర్‌కే. క్లాసులో పంచితే ఆ రోజు వచ్చినవాళ్లంతా నింపి ఇస్తారు. ఇంటికెళ్లి ఫోన్ తీసి ఎంతమంది నింపుతారు? 2008లో ఆస్ట్రేలియా పరిశోధకుడు డంకన్ నల్టీ పోల్చి చూపిన లెక్కల్లో పేపర్‌కు సగటున 56 శాతం స్పందన వస్తే, ఆన్‌లైన్‌కు 33 శాతమే.

ఈసీఈ థర్డ్ ఇయర్: సార్, చేతిరాత సంగతేంటి? సెమిస్టరంతా మా రికార్డులు దిద్దే మేడంకి ఏ రాత ఎవరిదో తెలియదా? ఇంటర్నల్ మార్కులూ ఆవిడ చేతిలోనే. అందుకే సలహాల గడిలో 'గుడ్' అని రాసి ఊరుకుంటాం.

పాత బ్యాచ్: పోర్టల్‌లో మాత్రం నీ పేరు తెలియదని ఎవరన్నారు తమ్ముడూ? లాగిన్ అయ్యేది రోల్ నంబరుతోనే కదా! మా కాలేజీలో ఫీడ్‌బ్యాక్ ఇస్తేనే హాల్‌టికెట్ డౌన్‌లోడ్ అయ్యేది. ఇంకేం, స్పందన నూటికి నూరు. రేపు పరీక్షనగా ఆ టెన్షన్‌లో అన్ని సబ్జెక్టులకూ టకటకా 5 నొక్కుకుంటూ పోయాం. సెమిస్టర్ మధ్యలో మానేసి వెళ్లిపోయిన సార్‌కి కూడా 5 పడింది.

న్యాక్ (కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ) పనులు చూసే మేడం: అది హాల్‌టికెట్‌తో ముడిపెట్టినవాళ్ల తప్పండీ, ఆన్‌లైన్‌ది కాదు. 2017లో మార్చిన విధానంలో న్యాక్ సర్వే నేరుగా విద్యార్థుల ఈమెయిల్‌కే వెళ్లేది. 20 ప్రశ్నలకు ఆప్షన్లు, ఒకటి సొంతంగా రాసేది. కాలేజీకైతే పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది నింపినా సరిపోయేది. కోపమున్నవాళ్లే నింపుతారన్న భయం కూడా అక్కర్లేదు. 2004లో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, నార్త్‌రిడ్జ్‌లో పోల్చి చూస్తే ఆన్‌లైన్‌లో నింపినవాళ్లు తగ్గారు గానీ టీచర్లకు పడ్డ సగటు మార్కులు పెద్దగా మారలేదు.

గుంటూరు లెక్చరర్: కాలేజీ మొత్తానికి సగటు చాలు మేడం. నా ఎలెక్టివ్‌లో, అంటే పిల్లలు ఎంచుకునే సబ్జెక్టులో, ఉన్నదే పన్నెండు మంది. ముగ్గురు నింపితే నా పాఠం ఎక్కడ అర్థం కాలేదో నాకెలా తెలుస్తుంది?

ఈసీఈ థర్డ్ ఇయర్: క్లాసులోనే పది నిమిషాలిచ్చి ఫోన్లలో నింపమనండి సార్. మీరు మాత్రం బయటికెళ్లాలి. రాతా తెలియదు, క్లాసులో ఉన్నవాళ్లంతా నింపుతారు.

గుంటూరు లెక్చరర్: రోల్ నంబరు లేకుండా తెరుచుకునే లింకు ఇస్తారేమో రేపు హెచ్‌ఓడీని అడుగుతా. ఇస్తే సరే. లేదంటే టిక్కులు మాత్రమే పెట్టే కాగితాలు నేనే జిరాక్స్ తీయిస్తా.