యుద్ధం మన ఆడవాళ్ళ బతుకు మార్చిందా, పని పెంచిందా?

గోస్తని గట్టు:
రెండో ప్రపంచ యుద్ధం వల్లే ఆడవాళ్ళు గడప దాటారని ఎక్కడ చూసినా రాస్తున్నారు. బ్రిటన్‌లో సరే. 1941 డిసెంబరులో ఏకంగా చట్టం తెచ్చి, 20 నుంచి 30 ఏళ్ళ మధ్య పెళ్ళికాని ఆడవాళ్ళను యుద్ధ సేవలోకి పిలిచారు. మన దగ్గర అదెక్కడ జరిగింది? 1942 ఏప్రిల్ 6న మా విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పారిపోయారు. ఆ మూటలు కట్టిందీ, చుట్టాలింట్లో ఇరవై మందికి వండిందీ ఆడవాళ్ళే. పని పెరిగింది, అంతే.

గూడెం కుర్రోడు:
గోస్తని గారూ, సగమే చెప్పారు. మాది తాడేపల్లిగూడెం వైపు. మిలటరీ మాధవరం పేరు వినే ఉంటారు, రెండు యుద్ధాలకీ సిపాయిల్ని పంపిన ఊరు. మా అమ్మమ్మది ఆ చుట్టుపక్కలే. తాతయ్య పట్టాళంలో ఉన్నన్నాళ్ళూ కౌలు బేరం, కూలీల లెక్క, శిస్తు అన్నీ ఆవిడే చూసింది. మనియార్డరు పుచ్చుకోవడానికి పోస్టుమాన్ ముందు వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి, పొయ్యిలో బొగ్గు తీసుకుని గచ్చు మీద రాసి రాసి సంతకం నేర్చుకుంది. యుద్ధం రాకపోతే ఆ బొగ్గు పళ్ళు తోముకోవడానికే పోయేది.

ఉప్పుగాలి:
మీ అమ్మమ్మ అదృష్టవంతురాలు బ్రదర్. మాది శ్రీకాకుళం. ముత్తాత రంగంలో రేవు కూలీ (రంగూన్‌ని మావాళ్ళు రంగం అనే అంటారు). అక్కడి నుంచి డబ్బు మా తాతమ్మకు కాదు, ఆవిడ మామగారి పేరున వచ్చేది. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాయి. మార్చికల్లా ఊరు జపాన్ చేతిలోకి పోయింది. లక్షల మంది మనవాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. ముత్తాత రాలేదు. డబ్బూ ఆగిపోయింది. తాతమ్మ గడప దాటింది, నిజమే. ఉప్పు మడుల్లో కూలికి. పాదాలు పగిలి, ఆ పగుళ్ళలోకి ఉప్పు దిగితే రాత్రిళ్ళు ఆముదం రాసుకునేదట. దాన్ని స్వేచ్ఛ అంటే ఎలా?

చిల్లుకాణీ:
మీరంతా మగాడు ఇంట్లో ఉన్నాడా లేడా అనే చూస్తున్నారు. బజారు సంగతో? బర్మా బియ్యం ఆగింది, ధరలు మండాయి, రేషను వచ్చింది. 1943లో గుడ్డకూ కంట్రోలే. ఇప్పటికీ ‘కంట్రోలు బియ్యం’ అంటున్నామంటే ఆ రోజుల చలవే. లోహం ఆదా చేయడానికి నడుమ చిల్లు పెట్టిన కాణీ కూడా ఆ ఏడాదే వచ్చింది, నా పేరు దానిదే లెండి. బ్రిటన్‌లో 1940 జనవరిలో మొదలైన ఆహార రేషను 1954 జూలై దాకా పోలేదు. యుద్ధం అయిపోయాక తొమ్మిదేళ్ళు! ఆ క్యూల్లో నిలబడింది ఎక్కువగా ఆడవాళ్ళే. ఫ్యాక్టరీ కథలు చెప్పేవాళ్ళు క్యూ కథ చెప్పరు.

గోస్తని గట్టు:
క్యూ మాట ఒప్పుకుంటాను. గూడెం గారూ, ఒక్కటి అడుగుతా, నిజం చెప్పండి. తాతయ్య తిరిగొచ్చాక కౌలు లెక్క ఎవరు చూశారు?

గూడెం కుర్రోడు:
1946లో వచ్చాడు. వచ్చిన వారానికే ఇనప్పెట్టె తాళం ఆయన మొలతాడుకి ఎక్కింది. కానీ పెట్టె తెరిచాక ఏ కాగితం ఏదో తెలియక, వంటింట్లోంచి అమ్మమ్మని కేకేసి పిలిచేవాడట.