‘యోగ్యతముల సార్థక జీవనం’లో యోగ్యత ఎవరిది?

పోస్టు: మా అమ్మాయికి జీవశాస్త్రం చెబుతుంటే ‘ప్రకృతి వరణం’ (పరిసరాలకు తగిన జీవులే ఎక్కువగా బతికి, పిల్లల్ని కని, తమ లక్షణాల్ని తర్వాతి తరాలకు అందించడం) అన్న మాట వచ్చింది. “ఇప్పుడు టీకాలు, ఆపరేషన్లు ఉన్నాయిగా, ప్రకృతి ఇంకా వరిస్తూనే ఉంటుందా నాన్నా?” అని అడిగింది. నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. వరణం, వరుడు, స్వయంవరం అన్నీ ఒకే కుటుంబం. స్వయంవరంలో దండ పట్టుకుని అమ్మాయి ఉంటుంది. ఇక్కడ దండ ఎవరి చేతిలో ఉంది?

జవాబు: ఎవరి చేతిలోనూ లేదండీ. ‘అదృష్టం వరించింది’ అంటాం, అదృష్టానికి కళ్లున్నాయనా? నిజానికి ఈ పేచీ డార్విన్‌కీ తప్పలేదు. ఎవరో కూర్చుని ఏరుతున్నారని జనం అనుకుంటున్నారు, ఆ మాట మార్చండంటూ 1866లో వాలెస్ (ఈ సిద్ధాంతాన్ని విడిగా తనూ కనిపెట్టిన శాస్త్రవేత్త) ఆయనకు ఉత్తరం రాశాడు. బదులుగా సూచించింది 1864లో తత్వవేత్త స్పెన్సర్ వాడిన ‘సర్వైవల్ ఆఫ్ ది ఫిటెస్ట్’ అన్న మాట. దాన్నే మనవాళ్లు ‘యోగ్యతముల సార్థక జీవనం’ చేశారు. నా లెక్కలో ఇది ఇంకా పెద్ద తంటా.

జవాబు: తంటా ఎందుకు మాస్టారూ?

జవాబు: తెలుగులో యోగ్యుడంటే గుణవంతుడు. అందుకే “మందుల వల్ల అయోగ్యులు కూడా బతికేస్తున్నారు” లాంటి దారుణమైన మాటలు పుడతాయి. ఇక్కడ ‘ఫిట్’కు అసలు అర్థం ‘తగిన’ అని. గంతకు తగ్గ బొంత అంటాం చూడండి, అందులో బొంత గొప్పదని కాదు, ఆ గంతకు సరిపోయిందని. సికిల్ సెల్ జన్యువు తీసుకోండి. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వస్తే తీవ్రమైన మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది, ఇద్దరి నుంచీ రెండూ వస్తే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. మలేరియా పోయిన చోట ఆ ఒక్క ప్రతి వల్ల ఒరిగేదేమీ లేదు. జన్యువు అదే, చుట్టూ ఉన్నది మారింది.

జవాబు: మరి అమ్మాయి ప్రశ్న? పూర్వం పుట్టిన పిల్లల్లో దాదాపు సగం మంది పెద్దవాళ్లు కాకుండానే పోయేవారు. ఇప్పుడు ఎక్కువమంది బతుకుతున్నారు. వరణం ఆగినట్టేగా?

జవాబు: ఆగలేదు. చావు వాటా తగ్గింది, ఎవరికి ఎంతమంది పిల్లలు అన్నదాని వాటా పెరిగింది. ఆలస్యంగా పెళ్లి, కుటుంబ నియంత్రణ, అసలు పిల్లలే వద్దనుకోవడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కాకపోతే ఆ తేడాలో కొంతైనా వంశపారంపర్యంగా వచ్చేదై ఉండాలి, లేకపోతే వరణం కాదు. (ప్రతిదానికీ దీన్ని అంటగట్టకండి. రెండు మూడు తరాల్లో పిల్లలకు కళ్లజోళ్లు పెరగడం జన్యువులు మారినందువల్ల కాదు, అంత వేగంగా అవి మారలేవు.) పైగా సమాజం వరణాన్ని నడిపించింది కూడా. పశువుల్ని పెంచి పాలు తాగడం మొదలెట్టాకే, పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే జన్యువు కొన్ని జనాభాల్లో బాగా వ్యాపించింది. అదంతా గత పదివేల ఏళ్లలోపు మాటే.

పోస్టు పెట్టినవారు: ‘తగినవి మిగలడం’ అని చెప్పాను. వెంటనే అర్థమైంది, “దేనికి తగినవి?” అని తనే అడిగింది. పరీక్షలో మాత్రం యోగ్యతములే రాస్తుందట.