అప్‌డేట్: పంచదార మానేశాక పండ్లతో తీపి వంటలు

పంచదార మానేసినా ఇంట్లో పండ్లతో చేసే తీపి వంటలను వదులుకోకుండా ఉండటం ఎలా అని వేసవికి ముందు అడిగాను. బెల్లం, తేనె కూడా వద్దు, పండు తీపితోనే చేయండి అని చాలామంది చెప్పారు. అలాగే చేశాను. ఎంతో సంతోషంగా ఉంది.

అన్నిటికంటే బాగా కుదిరింది మామిడి తాండ్ర. కోసుకు తినడానికి బంగినపల్లి బాగుంటుంది కానీ, తాండ్రకు చిన్న రసాలే సరైనవి. బాగా మగ్గిన పండ్ల రసాన్ని పీచు లేకుండా వడకట్టి, నెయ్యి రాసిన పళ్లెంలో పలుచగా పరిచి ఎండబెట్టాలి. ఒక పొర పూర్తిగా ఆరాకే మరో పొర పోయాలి. తొందరపడితే లోపల తడి మిగిలి బూజు పడుతుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ తీపి చిక్కబడుతుంది, కాబట్టి చిన్న ముక్కతో ఆపడం మంచిది. ఇందులో ఉన్నదీ చక్కెరే.

తేనె ఎందుకు వద్దన్నారో తర్వాత అర్థమైంది. 2015 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు తేనెలోనూ, పండ్ల రసాల్లోనూ ఉండే చక్కెరను తగ్గించుకోవాల్సిన వాటిలోనే చేర్చాయి. పండును పండుగా తింటే ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు సీతాఫలాల కాలం. పాలు సగానికి మరిగించి, పూర్తిగా చల్లారాక గుజ్జు, కాస్త ఏలకుల పొడి కలుపుతున్నాను. తీపి చాలదేమో అన్న మా అత్తయ్యగారే రెండోసారి వడ్డించుకున్నారు.

అనాస కేసరి మాత్రం ఇంకా కుదరలేదు. ఖర్జూరం ముద్ద వేస్తే రంగు ముదురుతోంది, పులుపు అలాగే ఉంటోంది. ఉపాయం తెలిసినవారు దయచేసి చెప్పండి.