సీరీస్ మీద పోరు: గెంతుకు రూల్ ఎట్లా రాయాలి?

ప్రశ్న (తిరుపతి):
ఆదివారం ఆడే బొమ్మ సైనికుల యుద్ధం ఆటకు, 4×4 అడుగుల టేబుల్ మీద సీరీస్ (అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే మరుగుజ్జు గ్రహం) పోరుకు రూల్స్ రాస్తాండా. గురుత్వం 0.28 మీ./సె², భూమిలో 35వ వంతు. 1 అంగుళం = 2 మీటర్లు, టర్న్‌కు 5 సెకన్లు. టర్న్‌కు బొమ్మ కదలిక 6 అంగుళాలుండేది 18 చేసినా. అయినా భూమ్మీద ఆడినట్లే ఉంది. యాడ తప్పు?

జవాబు 1:
దూరం పెంచడమే తప్పు స్వామీ. బరువు తగ్గినా జడత్వం తగ్గదు. సూటుతో 150 కిలోల మనిషి నేలను నొక్కేది ఇక్కడి 4 కిలోల మూటంతే. కాలికి పట్టు దొరకదు, పరుగు కుదరదు. అందుకే గెంతు. 2 మీ./సె. వేగంతో లేస్తే 7 మీటర్ల ఎత్తు, లేచి దిగేందుకు మొత్తం 14 సెకన్లు, అంటే 3 టర్న్‌లు. లేచేటప్పుడే 21 అంగుళాల లోపల దిగే చోట బిళ్ల పెట్టించు, బొమ్మను టర్న్‌కు 7 అంగుళాలు జరుపు. గాల్లో (గాలే లేదనుకో) దారి మారదు కాబట్టి అతని మీద కాల్చేవాళ్లకు పాచికపై +1.

జవాబు 2:
తుపాకీ తన్నుడు మరిచినారు. 4 గ్రాముల తూటా, 900 మీ./సె.: గెంతులో 30 వదిలితే 0.7 మీ./సె. వెనక్కి. బిళ్లను 3 అంగుళాలు వెనక్కి జరపండి. సీరీస్ పలాయన వేగం (దాని గురుత్వాన్ని దాటి పోయే వేగం) 510 మీ./సె. మాత్రమే, తూటా మళ్లీ కింద పడదు. తూటా ఎంత దూరం పోతుందో చెప్పే రేంజ్ పట్టిక కొట్టేయండి. పొగ గ్రెనేడ్ కూడా దండగ, పొగ నిలవదు.

జవాబు 3:
ఇదే రూల్ ఫోబోస్‌కు (అంగారకుడి చిన్న చందమామ) వాడొద్దన్నా. అక్కడ అదే గెంతుకు దాదాపు 12 నిమిషాలు, 140 టర్న్‌లు! ఇంగ టేబుల్ మీద పెట్టే థర్మకోల్ గుట్టలకు నేరుగా స్ప్రే పెయింట్ కొడితే కరిగిపోతాయి, ముందు ఫెవికాల్ పూయండి.