వార్డు వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదులు మునిగిపోతున్నాయి, ఏం చేయాలి?

వార్డు_డెస్క్:
స్థానిక ప్రతినిధికి ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపు రెండూ ఉన్నాయి. ఫోటోలకు లైకులు బాగానే వస్తాయి. నీళ్లు రాలేదనో వీధిదీపం వెలగలేదనో గ్రూపులో పెట్టినవి మాత్రం పైకి జారిపోతాయి. మూడోసారి కోపంగా పెడితేనే ఎవరికైనా కనబడుతుంది. ఎదురుపడితే మర్యాదగా మాట్లాడేవాళ్లే గ్రూపులో తిడుతున్నారు. లోపం ఎక్కడుంది? తిట్టేవాళ్లను బ్లాక్ చేయొచ్చా?

రిజిస్టరు:
లోపం ఏర్పాటులోనే ఉందండీ. గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. అంతమంది చూస్తుండగా రాసిన ఫిర్యాదు నిలదీసినట్టే ఉంటుంది. జవాబిచ్చేవారికీ పనికన్నా పరువే ముందు గుర్తొస్తుంది. పైగా సభ్యుల నంబర్లు అందరికీ కనబడతాయి కాబట్టి కొందరు అసలు నోరు విప్పరు.

ఫిర్యాదులకు వాట్సాప్ బిజినెస్‌లో (వ్యాపారాల కోసం వాట్సాప్ ఇచ్చే వేరే యాప్) వేరే నంబరు పెట్టండి. అందులో చాట్‌లకు మీరే లేబుళ్లు పెట్టుకోవచ్చు: ‘కొత్తది’, ‘శాఖకు పంపాం’, ‘పూర్తయింది’. ప్రతి ఫిర్యాదునూ ఒక రిజిస్టరులో రాసి, వరుస సంఖ్య ఇచ్చి, అదే రోజు ఆ సంఖ్యను తిరిగి పంపండి. ఫోటోతోపాటు లొకేషన్ విడిగా అడగాలి, ఎందుకంటే వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో అది ఎక్కడ తీశారన్న వివరం తొలగిపోతుంది. ‘చూస్తాం’ అని రాయొద్దు. ఏ శాఖకు, ఏ తేదీన పంపారో రాయండి. ఆ శాఖ తరఫున గడువు మాత్రం మీరు ఇవ్వకండి, మాట తప్పేది వాళ్లయినా నమ్మకం పోయేది ప్రతినిధి మీద. ఫిర్యాదు చేసినవాళ్లు అవునన్నాకే ‘పూర్తయింది’ అని మార్చండి.

ఇంకొకటి, చాలా ఆఫీసుల్లో జరిగే పొరపాటు: ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుతో కబురు అందరికీ చేరిందనుకోవడం. ఒక్కో లిస్టులో 256 మందికే చోటు. మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. మిగతావాళ్లకు చేరదు.

పేజీ_అడ్మిన్:
లైకుల లెక్కతో వార్డు మనసు తెలియదు. పేజీ గణాంకాలు ఊళ్లవారీగా చూపిస్తాయి, వార్డువారీగా చూపించవు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకు, చర్చ రేపే పోస్టులకు పెద్దపీట వేసింది. అందుకే నీళ్ల వేళలు చెప్పే పోస్టు కన్నా వాదన రేగిన పోస్టు ఎక్కువ దూరం పోతుంది. ఆ వాదనే వార్డు అభిప్రాయమనుకుంటే దెబ్బతింటారు.

రిజిస్టరును వీధులవారీగా నెలకోసారి చూడండి. ఒక్క ఫిర్యాదూ రాని వీధి ఉంటే అక్కడ సమస్యలు లేవనుకోకండి. ఆ వీధికి ప్రతినిధి నడిచి వెళ్లాలి. ఫోన్ వాడనివాళ్ల మాట ఇంకే దారిలోనూ రాదు.

నియమావళి:
బ్లాక్ చేయడం గురించి. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది, మీ దగ్గర న్యాయవాదిని అడగండి. అమెరికా సుప్రీంకోర్టు 2024 మార్చిలో ‘లిండ్కే వర్సెస్ ఫ్రీడ్’ కేసులో ఇచ్చిన తీర్పు మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్ సిటీ మేనేజరు (నగర పాలన చూసే అధికారి) ఫ్రీడ్ ఇంటి కబుర్లు, ఆఫీసు సంగతులు ఒకే ఫేస్‌బుక్ పేజీలో పెట్టేవారు. అక్కడ విమర్శించిన లిండ్కే కామెంట్లు తీసేసి, ఆయన్ను బ్లాక్ చేస్తే ఆయన కోర్టుకెళ్లారు. ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం నిజంగా ఉండి, ఆ పోస్టులో ఆ అధికారాన్నే వాడుతున్నట్టు కనబడితే, అక్కడ కామెంట్లు తీసేయడం, బ్లాక్ చేయడం ప్రభుత్వ చర్య అవుతుందని, అంటే వాక్ స్వాతంత్ర్య నిబంధనలు వర్తించొచ్చని కోర్టు చెప్పింది. కామెంటు తీసేస్తే ఆ ఒక్క పోస్టు దగ్గరే ఆగుతుంది, బ్లాక్ చేస్తే పేజీ మొత్తానికీ వర్తిస్తుంది అని కూడా తేడా చూపింది.

కాబట్టి సొంత పేజీ, పదవి పేజీ వేరుచేయండి. బెదిరింపులు, బూతులు, ఇతరుల ఫోన్ నంబర్లు ఉన్న కామెంట్లు తీసేస్తామని పైన పిన్ చేయండి. తీసేముందు స్క్రీన్‌షాట్ దాచండి. విమర్శను, ఎంత ఘాటుగా ఉన్నా, ముట్టుకోవద్దు.

వార్డు_డెస్క్:
ఫిర్యాదులకు వేరే నంబరు పెట్టి గ్రూపు మూసేస్తే నోరు నొక్కారంటారు కదా?

రిజిస్టరు:
తప్పకుండా అంటారు. అందుకే ముందుగా కొత్త నంబరు మొదలుపెట్టి, రెండు వారాలు రెండూ నడపండి. గ్రూపులో వచ్చిన ప్రతి ఫిర్యాదునూ మీరే రిజిస్టరుకెక్కించి, వరుస సంఖ్య అక్కడే చెప్పండి. తర్వాతే గ్రూపును అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి. ప్రతి వారం అందులో వచ్చినవెన్ని, పూర్తయినవెన్ని, ఆగినవి ఎందుకు ఆగాయో పెట్టండి. ఆగినవాటిని దాచారంటే రెండో వారానికే కనిపెట్టేస్తారు. ఆ జాబితాలో వీధి పేరు చాలు, ఫిర్యాదు చేసినవారి పేరు, ఇంటి నంబరు వద్దు.